పసిపిల్లలతో ఆట: అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదేళ్ళలోపు పిల్లలున్న తల్లిదండ్రులు ఆట గురించి ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వరుసగా చదవాల్సిన పనిలేదు. మీ ఇంట్లో ఈరోజు ఏది ఇబ్బందిగా ఉందో అక్కడి నుంచే మొదలుపెట్టండి. తీరిక బొత్తిగా లేనివాళ్ళు ఐదో ప్రశ్న ఒక్కటి చదివినా చాలు.

1. పిల్లలు ఎలాగూ ఆడుకుంటారు కదా, మేం కూడా కూర్చుని ఆడాలా?

ఆడాలి. బిడ్డ "ఊఁ" అంటుంది. మీరు అటు తిరిగి "ఊఁ, ఏంటమ్మా?" అంటారు. బిడ్డ కాళ్ళు ఆడిస్తూ మళ్ళీ ఇంకో శబ్దం చేస్తుంది. బంతి అటూ ఇటూ విసురుకున్నట్టు సాగే ఈ చిన్న చిన్న ముచ్చట్ల వల్ల పసి మెదడులో నాడీకణాల మధ్య దారులు పడతాయి. "నేను పిలిస్తే పలికే మనిషి ఉన్నారు" అనే ధైర్యం బిడ్డకు కలిగేది కూడా ఇక్కడే. పెద్దయ్యాక మనం ఆత్మవిశ్వాసం అని పిలుచుకునేదానికి మొదటి రూపం ఇది.

ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మానసిక శాస్త్రవేత్త 1970లలో చేసిన ఒక ప్రయోగం దీన్ని బాగా చూపిస్తుంది. తల్లి మొదట బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత కొద్ది నిమిషాల పాటు ఏ భావమూ లేకుండా ముఖం బిగించుకుని కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వి చూస్తుంది, చెయ్యి చాపుతుంది, కేక వేస్తుంది. అయినా తల్లి ముఖంలో మార్పు రాకపోతే తల పక్కకు తిప్పుకుని ఏడుపు మొదలుపెడుతుంది. అప్పటిదాకా ఆటబొమ్మలు ఎన్ని ఉన్నా సరే, బిడ్డకు కావలసింది ఆ ముఖం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో పసిపిల్లల పెంపకం గురించి ఒక ప్రణాళిక విడుదల చేశాయి. అందులో ఆరోగ్యం, పోషణ, భద్రతలతో పాటు బిడ్డ సంకేతాలకు పెద్దలు స్పందించడం, చిన్ననాటి నుంచే నేర్చుకునే అవకాశాలు ఉండటం కూడా చేర్చారు. ఈ చివరి రెండూ పసిబిడ్డకు ఎక్కువగా అందేది ఆటలోనే.

2. మా బాబుకి రెండు నెలలు. ఇంత చిన్న బిడ్డతో ఏం ఆడతాం?

మీ ముఖంతో. పుట్టిన కొత్తలో బిడ్డకు బాగా కనిపించేది సుమారు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం. ఒళ్ళో పడుకోబెట్టుకుంటే మీ ముఖం దాదాపు అక్కడే ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య చాలామంది పిల్లలు మన ముఖం చూసి నవ్వడం మొదలుపెడతారు. ఆ నవ్వుకు మీరూ నవ్వండి, కనుబొమలు ఎగరేయండి, నాలుగు మాటలు చెప్పండి. అందరం పసిబిడ్డల దగ్గర గొంతు సన్నగా చేసి సాగదీస్తూ మాట్లాడతాం కదా, దానికి సిగ్గుపడకండి. మామూలు మాటకన్నా ఆ రాగాన్నే పిల్లలు ఎక్కువ శ్రద్ధగా వింటారు.

ముఖ్యమైన సంగతి ఒకటి: మాట్లాడాక ఆగండి. ఐదారు సెకన్లు మౌనంగా ఎదురుచూడండి. పసివాళ్ళకు జవాబివ్వడానికి టైం పడుతుంది. మనం ఆగకుండా మాట్లాడుతూ పోతే వాళ్ళ వంతు రానే రాదు.

తల తిప్పేసుకున్నా, ఆవలించినా, వీపు విల్లులా వంచినా "ఇక చాలు" అంటున్నాడని అర్థం. అప్పుడు గిలక్కాయ తెచ్చి ముఖం ముందు ఆడించకండి. కాసేపటికి తనే మళ్ళీ మీ వైపు చూస్తాడు.

మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి ఎదురుగా మీరూ పడుకోండి. ఇంకా పాకని పిల్లలకు ఇలా రోజు మొత్తం మీద, కొంచెం కొంచెంగా కలిపి, కనీసం 30 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నిద్రకు మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి.

3. దోబూచులాటంటే పిల్లలకు ఎందుకంత ఇష్టం?

అందులో ఒక పెద్ద భయానికి సమాధానం ఉంది కాబట్టి. కంటికి కనబడని వస్తువు కూడా ఎక్కడో ఉంటుందన్న ఎరుక పిల్లలకు నెమ్మదిగా వస్తుంది. గుడ్డ కింద దాచిన బొమ్మ కోసం బిడ్డ వెతకడం సుమారు ఎనిమిది నెలల వయసులో మొదలవుతుందని జాన్ పియాజే అనే మానసిక శాస్త్రవేత్త గమనించాడు. అమ్మ గది దాటితే ఏడవడం కూడా దాదాపు ఆ రోజుల్లోనే మొదలవుతుంది. అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, మళ్ళీ వస్తుందో రాదో తెలియదు.

దోబూచులాటలో అమ్మ మాయమై రెండు సెకన్లలో తిరిగి వస్తుంది. మళ్ళీ పోతుంది, మళ్ళీ వస్తుంది. వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారన్న నమ్మకాన్ని బిడ్డ ఇలా పదేపదే రుచి చూస్తుంది. అందుకే ఆఫీసుకు వెళ్ళేటప్పుడు చూడకుండా జారుకోవడం మంచిది కాదంటాను. ఏడ్చినా సరే, ఎదురుగా చెయ్యి ఊపి, "సాయంత్రం వస్తా" అని చెప్పి వెళ్ళండి. వచ్చాక "వచ్చేశా!" అంటూ దోబూచి ఆడండి.

4. పొద్దున్నుంచి రాత్రిదాకా పనే. రోజుకు ఎంతసేపు ఆడితే సరిపోతుంది?

మీ దృష్టి మొత్తం బిడ్డ మీదే ఉండే పది నిమిషాలు, వీలైనంత వరకు రోజూ. పది కుదరకపోతే ఐదు. పిల్లల మొండితనంతో ఇబ్బంది పడే కుటుంబాల కోసం షీలా ఐబర్గ్ అనే మానసిక నిపుణురాలు 1970లలో రూపొందించిన చికిత్సలో తల్లిదండ్రులకు ఇచ్చే హోంవర్క్ కూడా రోజుకు ఐదు నిమిషాల ఆటే.

ఆదివారం మూడు గంటలు ఆడి వారమంతా మానేయడంకన్నా రోజూ ఒకే వేళకు వచ్చే ఐదు నిమిషాలు పిల్లలకు ఎక్కువ ధైర్యాన్నిస్తాయి. "రేపు కూడా ఉంటుంది" అని తెలిసిన బిడ్డ రోజంతా కొంగు పట్టుకుని తిరగాల్సిన అవసరం తగ్గుతుంది.

మిగతా ఆటను పనుల్లోనే కలిపేయొచ్చు. స్నానం చేయించేటప్పుడు చెంబుతో నీళ్ళు పోసుకోవడం, ఉతికిన బట్టలు మడతపెడుతూ సాక్సుల జతలు వెతకడం, మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టడం, డైపర్ మారుస్తూ "కాలు ఏదీ? ఇదిగో!" అనడం. వీటికి వేరే టైం అక్కర్లేదు.

5. సరే, రోజూ పూర్తిగా బిడ్డకే ఇచ్చే ఆ పది నిమిషాల్లో అసలు ఏం చేయాలి?

ఇది అందరూ సులువనుకునే ప్రశ్న. నిజానికి పెద్దవాళ్ళకు కష్టమైనది ఇదే. ఎందుకంటే ఇక్కడ మనం చేయాల్సిన వాటికన్నా మానుకోవాల్సినవి ఎక్కువ.

ఫోన్ వేరే గదిలో పెట్టండి. నేల మీద, బిడ్డ కళ్ళకు సమానంగా కూర్చోండి. "ఏం ఆడదాం?" అని అడిగి, తను ఎంచుకున్నదాన్ని ఒప్పుకోండి. ఆ తర్వాత నాయకత్వం తనది.

ఉదాహరణకు, మూడేళ్ళ పాప బ్లాకులు తీసి ఒకదాని పక్కన ఒకటి పేరుస్తోంది. మనకు వెంటనే నోటిదాకా వచ్చే మాటలు ఇవి: "ఇది ఏ రంగు? ఎన్ని ఉన్నాయి? అలా కాదమ్మా, పెద్దది కింద పెట్టాలి." మూడింటిలో రెండు పరీక్షలు, ఒకటి తప్పుపట్టడం. పాప తలెత్తి మీ ముఖం చూస్తుంది, ఆట నుంచి బయటికి వచ్చేస్తుంది.

వాటి బదులు కనిపిస్తున్నది చెప్పండి. "ఎర్రది పక్కన పెట్టావు. ఇప్పుడు పొడుగ్గా అయింది." క్రికెట్ కామెంటరీ చెప్పినట్టు, కాకపోతే నెమ్మదిగా. పాప "రైలు!" అంటే "ఓ, రైలు! పొడుగు రైలు!" అని తన మాటకే ఒక మాట కలిపి తిరిగి ఇవ్వండి. తను చేసినట్టే మీరూ పక్కన ఒక వరుస పేర్చండి. పిల్లలకు పెద్దలు తమని అనుకరించడంకన్నా గౌరవం ఇంకోటి లేదు. మెచ్చుకునేటప్పుడు "వెరీ గుడ్" దగ్గర ఆగిపోకుండా దేన్ని మెచ్చుకుంటున్నారో చెప్పండి: "రెండుసార్లు పడిపోయినా మళ్ళీ పేర్చావు."

ప్రశ్నలు, ఆజ్ఞలు, విమర్శలు. ఈ పది నిమిషాలు ఈ మూడూ వద్దు. మొదటిసారి ప్రయత్నించినప్పుడు మనం ఎన్ని ప్రశ్నలు వేస్తున్నామో మనకే ఆశ్చర్యం వేస్తుంది. పర్వాలేదు, నోరు జారితే జారింది. మళ్ళీ కామెంటరీలోకి వచ్చేయండి.

కొట్టడం, విసరడం, ప్రమాదం తెచ్చుకోవడం మాత్రం ఈ పది నిమిషాల్లో కూడా ఒప్పుకోకూడదు. "విసిరితే ఆట ఆగిపోతుంది" అని ఒకసారి చెప్పి, మళ్ళీ విసిరితే నిజంగానే ఆపేయండి. తిట్టకుండా.

6. నిజం చెప్పాలంటే నాకు బోర్ కొడుతుంది. నేను మంచి తల్లిని కానా?

ఒకే కారును అటూ ఇటూ తోయడం పెద్దవాళ్ళకు బోర్ కొట్టడం మామూలే. దానికీ మీ ప్రేమకూ సంబంధం లేదు. గంటసేపు ఆడాలనుకోవడం వల్లే చాలామందికి ఈ బాధ. టైమర్ పెట్టుకుని పది నిమిషాలే కూర్చోండి. మీకూ ఇష్టమైన ఆటలు కొన్ని ఉంటాయి: డాన్స్, బొమ్మలు గీయడం, బంతి, మట్టి, పిచ్చి పాటలు కట్టడం. ఎంచుకోవడానికి పాప ముందు వాటిని పెట్టండి.

ఇంకో ఉపాయం. ఆట మీద ఆసక్తి రాకపోతే బిడ్డను గమనించడం మీద పెట్టండి. ఈరోజు మూత ఎలా తిప్పింది, ఎక్కడ ఆగి ఆలోచించింది, నిన్న రానిది ఇవాళ ఏం వచ్చింది అని చూస్తుంటే ఆ పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.

7. అదే కథ, అదే ఆట వందసార్లు అడుగుతాడు. మార్పించాలా?

వద్దు. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలియడం పిల్లలకు గొప్ప సుఖం. వాళ్ళ రోజులో మిగతావన్నీ మన ఇష్టప్రకారమే జరుగుతాయి కదా. తెలిసిన కథలో చిన్న తప్పు కావాలని చెప్పి చూడండి, వాడు పకపకా నవ్వి సరిదిద్దుతాడు.

8. ఎలాంటి బొమ్మలు కొనాలి? ఎక్కువ కొనే స్థోమత మాకు లేదు.

జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986, 87 సంవత్సరాల్లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఒక అధ్యయనం మొదలుపెట్టింది. వయసుకు తగ్గ ఎత్తు ఎదగని, 9 నుంచి 24 నెలల మధ్య ఉన్న 129 మంది పేద పిల్లల్ని తీసుకున్నారు. వాళ్ళలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారానికి ఒకసారి గంటసేపు వెళ్ళి, ఇంట్లో చేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించేవాళ్ళు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, అలా ఆటలు అందిన పిల్లల సంపాదన అందనివాళ్ళకన్నా 25 శాతం ఎక్కువగా ఉంది. అక్కడ ఖరీదైన వస్తువంటూ ఏదీ లేదు. ఈ అధ్యయనం గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

కాబట్టి అట్టపెట్టె, మూతలున్న డబ్బాలు, చెక్క గరిట, పాత దుప్పటి, దిండ్లు, కాగితం. ఇవే మొదటి ఐదేళ్ళ ఆటవస్తువులు. అట్టపెట్టె ఈరోజు కారు, రేపు ఇల్లు, ఎల్లుండి గుహ అవుతుంది. బటన్ నొక్కితే పాడే బొమ్మ ఎప్పటికీ అదే పాడుతుంది. 2016లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 కుటుంబాలను గమనించారు. పుస్తకాలతో, మామూలు బొమ్మలతో ఆడినప్పటికన్నా బ్యాటరీ బొమ్మలతో ఆడేటప్పుడు అమ్మానాన్నలు తక్కువ మాటలు మాట్లాడారు. పిల్లలు కూడా పుస్తకాలతో ఉన్నప్పటికన్నా తక్కువ శబ్దాలు చేశారు. బొమ్మే మాట్లాడేస్తుంటే ఇంకెవరికి వంతు వస్తుంది?

బొమ్మలు ఎక్కువగా ఉన్న ఇళ్ళకు ఒక సలహా: సగం అటక ఎక్కించండి. అమెరికాలో టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో చూసింది ఇదే. 16 బొమ్మలున్న గదిలోకన్నా 4 బొమ్మలే ఉన్న గదిలో చిన్నపిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు.

కొన్నా, ఇంట్లో చేసినా మూడేళ్ళలోపు పిల్లలకు నోట్లో పట్టేంత చిన్నవి ఇవ్వకండి. గుండ్రటి చిన్న బ్యాటరీలున్న వస్తువుల విషయంలో మరీ జాగ్రత్త. అది మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. మింగిందన్న అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. చిన్న అయస్కాంతాలు కూడా అంతే ప్రమాదం.

9. ఫోన్‌లో పిల్లల వీడియోలు కూడా ఆటే కదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్ళు నిండని పిల్లలకు కూర్చుని తెర చూడటం వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. వీడియో బిడ్డతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది కానీ బిడ్డ చెప్పింది వినదు. దూరాన ఉన్న తాతయ్యతో వీడియో కాల్ వేరు, అక్కడ అవతలి మనిషి పలుకుతాడు.

పిల్లల చేతిలో ఫోన్ గురించి అందరం మాట్లాడతాం. మన చేతిలో ఫోన్ సంగతి కూడా చూసుకోవాలి. ఆట మధ్యలో నోటిఫికేషన్ చూసే ఆ అర నిమిషం మన ముఖం మొదటి ప్రశ్నలో చెప్పిన ట్రోనిక్ ప్రయోగంలో తల్లి ముఖంలాగే బిగుసుకుపోతుంది.

10. పళ్ళు తోముకోమంటే పరుగు, బట్టలు వేసుకోమంటే ఏడుపు. ఆటతో ఏమైనా ఉపయోగం ఉంటుందా?

బాగా ఉంటుంది. పనిని ఆటలో పెట్టేస్తే మీకూ బిడ్డకూ మధ్య గొడవ పోయి ఇద్దరూ ఒకవైపుకు వచ్చేస్తారు. చొక్కా చేతిలోకి చెయ్యి పెట్టేటప్పుడు అది సొరంగం, చెయ్యి రైలు. బ్రష్ పళ్ళ వెనక దాక్కున్న దొంగల్ని పట్టుకునే పోలీసు. బొమ్మలు సర్దడం గడియారంతో పందెం. చెప్పులు ఎంతకీ వేసుకోకపోతే మీరు వాటిని మీ చెవులకు తగిలించుకుని "సరిగ్గా సరిపోయాయి!" అనండి. సరిదిద్దడానికి తనే ముందుకొస్తాడు.

నటనకు నిజంగా బలం ఉంది. 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నాలుగు, ఆరేళ్ళ పిల్లలకు బాగా విసుగు పుట్టించే పని ఇచ్చి, పక్కనే ఊరించే ఆట ఒకటి పెట్టారు. తమకు నచ్చిన వీరుడిలా ఊహించుకున్న పిల్లలు మిగతావాళ్ళకన్నా ఎక్కువసేపు పనిలో నిలిచారు. "హనుమంతుడైతే ఈ మెట్లు ఎలా ఎక్కుతాడో చూపించు" అంటే పిల్లల కాళ్ళకు ఎక్కడలేని బలం వచ్చేది ఇందుకే.

ఒక్క హెచ్చరిక. బిడ్డ అప్పటికే గుక్కపట్టి ఏడుస్తుంటే ఆటతో నవ్వించబోవద్దు, తన బాధను తేలిక చేసినట్టవుతుంది. ముందు దగ్గరికి తీసుకుని "కోపం వచ్చింది కదా" అనండి. ఏడుపు తగ్గాక ఆట.

11. మా పాప బొమ్మను కొడుతుంది, "నువ్వు చచ్చిపో" అంటుంది. టెన్షన్‌గా ఉంది.

చాలావరకు కంగారుపడాల్సింది కాదు. పిల్లలకు తమ భయాన్ని, కోపాన్ని మాటల్లో చెప్పడం రాదు, ఆటలో చూపిస్తారు. సూది వేయించుకొచ్చిన పాప ఇంటికి రాగానే బొమ్మకు సూదులు వేస్తుంది. అక్కడ ఏడ్చింది తను, ఇక్కడ డాక్టరు తను. అలా పగ్గాలు తన చేతిలోకి తెచ్చుకుంటుంది. తమ్ముడు పుట్టిన ఇంట్లో చిన్న బొమ్మ తన్నులు తినడం కూడా అలాంటిదే.

"అలా అనకూడదు, తప్పు" అని ఆపేస్తే తను చెప్పుకునే దారి మూసుకుపోతుంది. పక్కన కూర్చుని "అబ్బ, ఈ బొమ్మకు ఎంత నొప్పో. డాక్టర్‌కి చాలా కోపంగా ఉన్నట్టుంది" అనండి. వినండి. కొన్నిసార్లు తర్వాతి వాక్యంలోనే అసలు సంగతి బయటపడుతుంది.

అదే భయంకరమైన ఆట వారాల తరబడి ఏ మార్పూ లేకుండా సాగుతున్నా, దాంతోపాటు నిద్ర చెడినా, ఎవరో ఒక మనిషిని చూసి భయపడుతున్నా, వయసుకు మించిన లైంగిక విషయాలు ఆటలో కనిపించినా మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌ను లేదా మానసిక నిపుణులను కలవండి.

12. నాన్న ఎగరేస్తాడు, కుస్తీ పడతాడు. మంచిదేనా?

కుస్తీ, ఉప్పుమూట, దిండ్ల యుద్ధం చాలా మంచివి. ఒంట్లో ఉత్సాహం పెరిగినప్పుడు ఎక్కడ ఆగాలో, ఎంత గట్టిగా పట్టుకుంటే ఎదుటివాళ్ళకు నొప్పో పిల్లలు ఇందులోనే నేర్చుకుంటారు. ఒక్కటే షరతు: బిడ్డ "వద్దు" అంటే ఆ క్షణమే ఆగాలి. చక్కిలిగింతలకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వద్దనుకుంటూ కూడా నవ్వు ఆపుకోలేరు. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని బిడ్డకు ఇలా తెలుస్తుంది.

పసిబిడ్డలను ఎగరేసి పట్టుకోవడం వద్దు, చెయ్యి తప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బిడ్డను గట్టిగా కుదపడం మాత్రం ఏ పరిస్థితిలోనూ, ఏ కారణానికీ చేయకూడదు. మెదడులో రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు.

13. ఆటలోనే అక్షరాలు, అంకెలు నేర్పేస్తే మంచిదే కదా?

వాటంతటవి వస్తే మంచిదే. దాగుడుమూతల్లో పది దాకా లెక్కపెట్టాలి కాబట్టి అంకెలు వస్తాయి. కానీ ప్రతి ఆటా పాఠమైపోతే పిల్లలు ఆటకు కూడా భయపడటం మొదలుపెడతారు. నియమాలు గుర్తుపెట్టుకోవడం, తన వంతు కోసం ఆగడం, చేతికొచ్చింది విసరకుండా నిగ్రహించుకోవడం బడికి వెళ్ళాక అక్షరాలంత అవసరమవుతాయి. "స్టాచ్యూ!" అంటే కదలకుండా నిలబడే ఆట ఆ నిగ్రహానికి మంచి సాధన. ఆడుకోవడం పిల్లల హక్కని ఐక్యరాజ్యసమితి 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం చెబుతుంది. చదువు పూర్తయ్యాక ఇచ్చే బహుమతిగా దాన్ని చూడొద్దని నా మనవి.

14. ఆటలో ఓడిపోతే ఏడుస్తాడు. కావాలని ఓడిపోవాలా?

మూడు, నాలుగేళ్ళ వయసులో ఎక్కువసార్లు గెలవనివ్వండి, తప్పులేదు. మధ్యమధ్యలో ఒకసారి మీరు గెలవండి. మీరు ఓడినప్పుడు ఎలా ఉండాలో చేసి చూపించండి: "అయ్యో, ఓడిపోయా! కొంచెం బాధగా ఉంది. ఇంకోసారి ఆడదామా?" ఇద్దరూ ఒకే జట్టుగా ఆడే ఆటలు కూడా పెట్టుకోండి, బెలూన్ కింద పడకుండా కొట్టడం లాంటివి.

15. రెండేళ్ళ మా బాబు తోటి పిల్లల పక్కన ఆడతాడు కానీ వాళ్ళతో కలవడు.

ఈ వయసుకు అది సహజం. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే పిల్లల ఆటలోని దశలను వివరించింది. ఒంటరిగా ఆడటం, పక్కన నిలబడి చూడటం, పక్కపక్కనే ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడం, ఆ తర్వాత కలిసి ఆడటం. రెండేళ్ళవాళ్ళు ఎక్కువగా పక్కపక్కన ఆడతారు. "బొమ్మ ఇవ్వు, షేర్ చేసుకో" అని బలవంతం చేయకుండా ఒకే రకం వస్తువులు రెండు పెట్టండి.

16. ఎప్పుడూ మేమే ఆడించాలా? ఒంటరిగా ఆడుకోనివ్వకూడదా?

తప్పకుండా ఆడుకోనివ్వాలి. బిడ్డ తనలో తను మాట్లాడుకుంటూ ఆటలో మునిగి ఉంటే దగ్గరికి వెళ్ళి "ఏం చేస్తున్నావ్?" అని కదపకండి. మీరు కనబడేంత దూరంలో ఉంటే చాలు. "బోర్ కొడుతోంది" అన్నా వెంటనే ఏదో ఒకటి అందించక్కర్లేదు. కాసేపు ఊరుకుంటే తనే ఒక ఆట కనిపెడుతుంది.

17. ఇద్దరు పిల్లలు. ఒకరితో ఆడితే ఇంకొకరు ఏడుస్తారు.

ఇద్దరికీ వేరువేరు వంతులు పెట్టి, వాటికి పేరు పెట్టండి: "ఇది అక్క టైం, తర్వాత నీ టైం." చిన్నది నిద్రపోయినప్పుడు పెద్దదానితో ఐదు నిమిషాలైనా కూర్చోండి. తమ్ముడో చెల్లో వచ్చిన కొత్తలో ఈ ఐదు నిమిషాలు పెద్దబిడ్డకు ఎంత అవసరమో మాటల్లో చెప్పలేను.

18. ప్రసవమై నాలుగు నెలలైంది. బిడ్డ నవ్వినా నాకు ఏమీ అనిపించట్లేదు. ఆడాలని లేదు.

ఇది మీ తప్పు కాదు, మీరు ఒక్కరే కాదు. ప్రసవం తర్వాత దిగులు రెండు వారాలకు మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. అది జబ్బు, దానికి చికిత్స ఉంది. ఇంట్లో ఒకరికి చెప్పండి, డాక్టర్‌ను కలవండి. మీకు గానీ బిడ్డకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే ఈరోజే, ఇప్పుడే కలవండి. తండ్రులకు కూడా ఇది రావచ్చు.

అప్పటిదాకా ఆట బరువు మిగతావాళ్ళు పంచుకోవాలి. నాన్న, అమ్మమ్మ, పెద్దమ్మ, ఎవరైనా. మీరు చేయగలిగితే బిడ్డను ఛాతీ మీద పడుకోబెట్టుకుని ఊపిరి పీలుస్తూ ఉండండి, అదే చాలు. కాస్త పెద్ద పిల్లలైతే, ఓపిక లేని ఏ తల్లిదండ్రులకైనా పనికొచ్చే ఆట ఒకటుంది: మీరు పేషెంట్, వాళ్ళు డాక్టర్. కళ్ళు మూసుకుని పడుకోవడమే మీ పాత్ర.

19. ఆటలో ఏం గమనిస్తే డాక్టర్‌కి చూపించాలి?

ఏడాది నిండినా "బాబాబా" లాంటి శబ్దాలు చేయకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. ఏడాదిన్నర దాటినా నచ్చినదాన్ని వేలితో మీకు చూపించకపోవడం. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోవడం. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన మాటలు గానీ, నవ్వు గానీ, ఆట గానీ ఏ వయసులోనైనా పోవడం. వీటిలో ఏది కనిపించినా "మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారులే" అని ఆగకండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి.

ఎదుగుదలలో తేడా ఉన్న పిల్లలకు ఆట ఇంకా ఎక్కువ కావాలి. మీ బాబు గంటసేపు చక్రాలు తిప్పుతూనే ఉంటే లాక్కోకుండా మీరూ పక్కన ఒక చక్రం తిప్పండి, తను ఆపినప్పుడు ఆపండి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు తిప్పండి. తల ఎత్తి ఒక్కసారి మీ వైపు చూస్తే, ఆరోజుకు అదే ఆట.

20. నిన్న ఆట మధ్యలో గట్టిగా అరిచేశాను. బిడ్డ మనసు విరిగిపోయిందేమోనని రాత్రంతా నిద్రలేదు.

మొదటి ప్రశ్నలో చెప్పిన ట్రోనిక్ ఆ తర్వాత చేసిన పరిశోధనల్లో తేలిన సంగతి మీకు ఊరటనిస్తుంది. ఎంత అన్యోన్యంగా ఉండే తల్లీబిడ్డల మధ్యైనా పొంతన కుదరని క్షణాలు చాలా ఉంటాయి. తప్పిన పొంతన మళ్ళీ కుదరడం చూసే బిడ్డ తట్టుకోవడం నేర్చుకుంటుంది.

కాబట్టి ఈరోజు బిడ్డ దగ్గర కూర్చుని చెప్పండి: "నిన్న అరిచాను. నీకు భయమేసింది కదా. అది నీ తప్పు కాదు, సారీ నాన్నా." సంజాయిషీలు వద్దు, ఇంతే చాలు. ఇంకా అలిగి దూరంగా ఉంటే బతిమాలకుండా పక్కనే మీరు బ్లాకులు పేర్చడం మొదలుపెట్టండి. కాసేపటికి ఒక చిన్న చెయ్యి వచ్చి మీ గోపురాన్ని పడగొడుతుంది. పడగొట్టనివ్వండి.